నెలలో పది రోజులు నేను నేనుగా వుండను, డాక్టరుగారూ!

ఆవిడ హైస్కూల్లో లెక్కల టీచరు. వయస్సు నలభై రెండు. ఒకరోజు ఓ.పీ.లో రద్దీ తగ్గేదాకా బయట బెంచీ మీద కూర్చుని, అందరూ వెళ్ళాక లోపలికి వచ్చింది. చేతిసంచిలోంచి గోడ క్యాలెండరు ఒకటి తీసి నా బల్ల మీద పరిచింది. పాలవాడి లెక్క, గ్యాస్ బండ వచ్చిన తేదీ, చీటీ కట్టిన తేదీ రాసుకునే మామూలు క్యాలెండరే. దాని మీద అక్కడక్కడ ఎర్ర సిరాతో సున్నాలు చుట్టి వున్నాయి.

"ఇవేమిటమ్మా?" అని అడిగాను.

"పాలు పొంగబెట్టిన రోజులు, తాళంచెవులు పారేసుకున్న రోజులు, స్కూలు బస్సు తప్పిపోయిన రోజులు, పిల్లాడి మీద ఊరికే అరిచిన రోజులు" అంది.

నాలుగు నెలల కాగితాలు తిప్పి చూశాను. ఆ సున్నాలు నెలంతా పడలేదు. ప్రతి నెలా ఒకచోట గుంపుగా వున్నాయి. ఆ గుంపు అయిన ఒకటి రెండు రోజులకు నీలం సిరాతో ఒక చుక్క వుంది. అది బహిష్టు మొదలైన తేదీ.

"మిగతా రోజుల్లో కూడా నేను మతిమరుపు మనిషినే. మందు వేసుకుంటే సర్దుకుపోతుంది. కానీ నెలలో ఈ పది రోజులు నేను నేనుగా వుండను, డాక్టరుగారూ! ఆ మందు కూడా పని చెయ్యదు" అంది.

ఆవిడ నా దగ్గరకు రావడం అది మొదటిసారి కాదు. అంతకు ఆరేడేళ్ళ ముందు, నేను మరో ఊరి ఆస్పత్రిలో పని చేస్తున్నప్పుడు, ఇవే బాధలు చెప్పుకుంది. నేను కనురెప్ప లాగి చూసి, రక్తం తక్కువగా వుందని ఐరన్ మాత్రలు, వాటితో పాటు బి-కాంప్లెక్సు రాశాను. "ఇల్లూ ఉద్యోగమూ చూసుకునేవాళ్ళకు ఇవి మామూలేనమ్మా. కాస్త శ్రద్ధగా వుండండి" అని పంపేశాను. శ్రద్ధ నిలవకపోవడమే జబ్బయిన మనిషికి 'శ్రద్ధగా వుండండి' అని చెప్పడం, చలిజ్వరంతో వణుకుతున్న మనిషికి 'వణక్కండి' అని చెప్పడం లాంటిది. ఆ తర్వాత ఆవిడ కొడుకును మానసిక వైద్యుడికి చూపించినప్పుడు, పిల్లాడి గురించి ఆయన అడిగిన ప్రశ్నలన్నీ తనకే వర్తించాయి. అప్పుడు గానీ అసలు సంగతి బయటపడలేదు. ఆవిడకు ఏ.డి.హెచ్.డి. వుంది. చిన్ననాటి నుంచీ వుంది.

ఆనాడు నేను చెప్పవలసింది ఈ వారం మీకు చెబుతున్నాను.

ఏమిటీ జబ్బు?

పూర్తి పేరు అటెన్షన్ డెఫిసిట్ హైపర్ యాక్టివిటీ డిజార్డర్. తెలుగులో అవధాన లోపం, అతి చురుకుదనం అనుకోవచ్చు. పేరును బట్టి వీళ్ళకు శ్రద్ధే వుండదని అనుకోకండి. ఇష్టమైన పని దొరికితే అన్నం కూడా మరచిపోయి చేస్తారు. శ్రద్ధను కావలసినచోట, కావలసినంతసేపు నిలిపే పగ్గం మాత్రం వాళ్ళ చేతిలో గట్టిగా వుండదు. పని మొదలుపెట్టి మధ్యలో వదిలేస్తారు. ఎదుటివారి మాట పూర్తి కాకముందే అందుకుంటారు. కరెంటు బిల్లు డబ్బు చేతిలో వుండి కూడా గడువు దాటబెడతారు. మనస్సులో ఎప్పుడూ పది రేడియోలు మోగుతున్నట్లు వుంటుంది.

ఇది తెలివితేటలకు సంబంధించిన లోపం కాదు. పెంపకంలో లోపమూ కాదు. కవలలను పరిశీలించి చేసిన అధ్యయనాలలో, ఈ జబ్బు రావడంలో నూటికి డెబ్బై పాళ్ళకు పైగా పాత్ర జన్యువులదేనని తేలింది. అందుకే తల్లికీ కొడుకుకూ కలిసి కనిపించడంలో వింత లేదు. ప్రపంచంలో వివిధ దేశాల లెక్కలు కలిపి చూస్తే పిల్లల్లో నూటికి సుమారు అయిదుగురికి, పెద్దవాళ్ళలో నూటికి ఇద్దరు ముగ్గురికి వుంటుందని అంచనా.

మరి ఆడవాళ్ళలో దీన్ని ఎందుకు గుర్తించలేదు? లండన్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల వైద్యుడు 1902లో ఇచ్చిన ఉపన్యాసాలలో, తెలివి వుండీ నిలకడ లేని పిల్లలను గురించి చెప్పాడు. ఆయన వర్ణించిన పిల్లల్లో ఎక్కువమంది మగపిల్లలే. తర్వాత కూడా క్లాసులో బెంచీలు ఎక్కి దూకే మగపిల్లాడే డాక్టరు దృష్టిలో పడ్డాడు. ఆడపిల్ల బెంచీలు ఎక్కదు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటుంది, లేకపోతే పక్క పిల్లతో కబుర్లు చెబుతుంది. ఆమెను 'పరధ్యానం పిల్ల', 'వసపిట్ట' అంటారే గాని, డాక్టరు దగ్గరకు ఎవరు తీసుకువెళతారు? అమెరికన్ మానసిక వైద్యుల సంఘం వారి గ్రంథంలో ఈ జబ్బుకు ఇప్పటి పేరు వచ్చింది 1987లో. పదిహేడేళ్ళు దాటినవాళ్ళకు కొన్ని లక్షణాలు తక్కువ వున్నా సరిపోతుందని అదే గ్రంథంలో మార్చింది 2013లో. అంటే ఇవాళ నలభై, యాభై ఏళ్ళున్న స్త్రీలు చదువుకునే రోజుల్లో వాళ్ళను పట్టించుకునే పద్ధతే లేదన్నమాట.

హార్మోన్లకూ దీనికీ ఏమిటి సంబంధం?

మెదడులో డోపమైన్ అనే రసాయనం వుంది. పని మీద మనస్సు నిలవడానికి, మొదలుపెట్టిన పని ముగించడానికి, తొందరపడకుండా ఆగడానికి అది కావాలి. ఏ.డి.హెచ్.డి. వున్నవాళ్ళలో ఈ డోపమైన్ వ్యవస్థ మందకొడిగా పని చేస్తుంది.

స్త్రీ అండాశయాల నుంచి వచ్చే ఈస్ట్రోజన్ హార్మోను గర్భసంచికి మాత్రమే పని చేస్తుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. మెదడులో కూడా దానికి పని వుంది. డోపమైన్ తయారు కావడానికి తోడ్పడుతుంది, తయారైనది త్వరగా విరిగిపోకుండా చూస్తుంది. కాబట్టి ఈస్ట్రోజన్ ఎక్కువగా వున్న రోజుల్లో డోపమైన్‌కు అండ వుంటుంది. తగ్గిన రోజుల్లో ఆ అండ పోతుంది.

మునిసిపల్ కుళాయి సంగతి మీకు తెలుసు కదా! ట్యాంకు పక్కనే వున్న ఇంటికి ప్రెషర్ కాస్త తగ్గినా తెలియదు, బిందె నిండుతుంది. వీధి చివరనున్న ఇంటికి మామూలు రోజుల్లోనే సన్నధార. ప్రెషర్ తగ్గిన రోజున చుక్క రాదు. ఈస్ట్రోజన్ ప్రతి స్త్రీకీ నెలనెలా తగ్గుతుంది. కానీ ఏ.డి.హెచ్.డి. వున్న స్త్రీ ఆ వీధి చివరి ఇల్లు. అదే తగ్గుదల ఆమెకు ఎండగట్టినట్లు అవుతుంది.

నెల లెక్క ఇలా వుంటుంది. ఇరవై ఎనిమిది రోజులకు ఒకసారి బహిష్టు అయ్యే స్త్రీని తీసుకుందాం. బహిష్టు మొదలైన రోజును ఒకటో రోజు అనుకోండి. మొదటి మూడు నాలుగు రోజులు ఈస్ట్రోజన్ తక్కువగా వుంటుంది. అయిదో రోజు నుంచి పెరుగుతూ, పధ్నాలుగో రోజు అటూ ఇటూగా అండం విడుదలయ్యే ముందు బాగా ఎక్కువవుతుంది. చాలామంది స్త్రీలకు ఈ రోజుల్లో మనస్సు తేటగా వుంటుంది, పనులు చకచకా సాగుతాయి. తర్వాత ప్రొజెస్టరోన్ అనే రెండో హార్మోను పెరుగుతుంది. ఈస్ట్రోజన్ కూడా మధ్యలో కాస్త కోలుకుంటుంది గాని, చివరి అయిదారు రోజులలో రెండూ కలిసి పడిపోతాయి. మన టీచరుగారి ఎర్ర సున్నాలన్నీ ఆ కిందికి దిగే దారిలోనే వున్నాయి.

ఇది ఒక్కరి క్యాలెండరు మాటే కాదు. 2018లో అమెరికాలో 32 మంది యువతుల లాలాజలంలో రోజూ హార్మోన్లు కొలిచి చూశారు. ఈస్ట్రోజన్ తగ్గిన మరునాడు అవధాన లోపపు లక్షణాలు ఎక్కువయ్యాయి. స్వభావరీత్యా తొందరపాటు వున్నవారిలో ఇది మరింత స్పష్టంగా కనిపించింది. 2021లో నెదర్లాండ్స్‌లో ఏ.డి.హెచ్.డి.కి చికిత్స పొందుతున్న 209 మంది స్త్రీలను ప్రశ్నించారు. బహిష్టుకు ముందు తీవ్రమైన దిగులు, కోపం వచ్చి రోజువారీ పనులు కుంటుపడే లక్షణాలు నూటికి 45 మందిలో కనిపించాయి. వీళ్ళు ఆస్పత్రికి వచ్చినవాళ్ళు గనుక, ఈ లెక్క జబ్బు వున్న స్త్రీలందరికీ సరిగ్గా సరిపోతుందని చెప్పలేం. పరిశోధన ఇంకా చిన్న ఎత్తునే జరుగుతోంది. కానీ దారి మాత్రం ఒకవైపే చూపిస్తోంది.

జీవితంలో నాలుగు మలుపులు

మొదటి మలుపు రజస్వల కావడం. అయిదో తరగతి దాకా చక్కగా చదివిన పిల్ల ఏడు, ఎనిమిది తరగతుల్లో ఉన్నట్టుండి వెనకబడుతుంది. నోట్సు పూర్తి చెయ్యదు, చిన్నమాటకు ఏడుస్తుంది. 'ఒంటిమీదికి వయస్సు వచ్చింది, బుద్ధి చెడింది' అంటారు పెద్దలు. పాఠాలు బరువెక్కేదీ, హార్మోన్ల ఆటుపోట్లు మొదలయ్యేదీ ఒకే సమయంలో. చిన్నతనం నుంచీ పరధ్యానం వున్న పిల్లలో ఈ మార్పు కనిపిస్తే కొట్టకండి, తిట్టకండి. ఒకసారి డాక్టరుకు చూపించండి.

రెండోది కాన్పు. గర్భిణిగా వున్నప్పుడు ఈస్ట్రోజన్ చాలా ఎక్కువగా వుంటుంది. మాయ బయటపడగానే కొద్దిరోజుల్లో ఒక్కసారిగా పడిపోతుంది. దానికి తోడు నిద్ర వుండదు, రెండు గంటలకొకసారి పాలు పట్టాలి. స్వీడన్‌లో ఏడు లక్షలకు పైగా బాలింతల రికార్డులు పరిశీలించి 2023లో ప్రకటించిన అధ్యయనంలో, ఏ.డి.హెచ్.డి. వున్న స్త్రీలలో కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ మిగతావారి కంటే సుమారు అయిదు రెట్లు ఎక్కువగా కనిపించింది. పుట్టింట్లో వున్న బాలింత తిండి మానేసి గోడవైపు తిరిగి పడుకుంటే దిష్టి తీసి ఊరుకోకండి. ఇంకో సంగతి. ఏ.డి.హెచ్.డి. మందు వాడుతున్నవాళ్ళు గర్భం కావాలనుకున్నప్పుడు ముందుగానే డాక్టరుతో మాట్లాడాలి. నెల తప్పాక భయపడి మందు తమంతట తామే ఆపడం, చెప్పకుండా కొనసాగించడం రెండూ తప్పే.

మూడోది ముట్లుడిగే వయస్సు. మన దేశపు స్త్రీలలో ఇది సగటున నలభై ఆరు, నలభై ఏడేళ్ళకే వస్తుంది. ఆగిపోవడానికి ముందు కొన్నేళ్ళపాటు ఈస్ట్రోజన్ ఒక క్రమం లేకుండా ఎగుడుదిగుడుగా నడుస్తుంది. అన్నాళ్ళూ చీటీలు రాసుకుని, రెండింతలు కష్టపడి, లోపాన్ని కప్పిపుచ్చుకుంటూ వచ్చిన స్త్రీకి ఇక్కడ పట్టు తప్పుతుంది. 'నాకు మతి పోతోందేమో' అని భయపడుతూ వచ్చేవాళ్ళు ఈ వయస్సువారే ఎక్కువ.

నాలుగోది మన రాష్ట్రాలకు ముఖ్యమైనది. గర్భసంచి ఆపరేషన్. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి సుమారు ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో సుమారు తొమ్మిది మంది, తెలంగాణలో సుమారు ఎనిమిది మంది. 'పిల్లలు పుట్టేశారు, ఇంకా ఆ సంచి ఎందుకు' అని ముప్పై అయిదేళ్ళకే తీయించుకున్నవాళ్ళను నేను ఎందరినో చూశాను. గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసేస్తే, పదేళ్ళలో మెల్లగా దిగవలసిన ఈస్ట్రోజన్ ఆపరేషన్ బల్ల మీదే కూలిపోతుంది. ఒళ్ళు ఆవిర్లు, నిద్రలేమి, మతిమరుపు అన్నీ ఒక్కసారి వస్తాయి. ఏ.డి.హెచ్.డి. వున్న స్త్రీకి ఇది పెద్ద దెబ్బ. కనుక ఆపరేషన్ అవసరమని ఎవరైనా చెబితే మూడు ప్రశ్నలు అడగండి. మందులతో తగ్గదా? అండాశయాలు వుంచుతారా? తీస్తే తర్వాత హార్మోన్ల సంగతేమిటి? అండాశయాలు వుంచి గర్భసంచి మాత్రమే తీసినవారికి బహిష్టు రాదు గాని, లోపల నెల లెక్క నడుస్తూనే వుంటుంది. రొమ్ముల బరువు, కడుపు ఉబ్బరం వంటి గుర్తులను బట్టి ఆ రోజులను పోల్చుకోవచ్చు.

మీరు చెయ్యవలసినవి

మొట్టమొదటిది క్యాలెండరు. కనీసం రెండు మూడు నెలలు ప్రతిరోజూ రాత్రి ఒక్క నిమిషం కేటాయించండి. మతిమరుపు, చిరాకు, నిద్ర, పని ఎలా వున్నాయో ఒకటి నుంచి అయిదు వరకు మార్కులు వేయండి. బహిష్టు తేదీ గుర్తు పెట్టండి. మందు వాడుతుంటే వేసుకున్నదీ మరచిపోయినదీ రాయండి. నెలాఖరున గుర్తు తెచ్చుకుని రాస్తే అది పనికిరాదు. ఏ రోజుది ఆ రోజే రాయాలి.

రెండోది పరీక్షలు. మతిమరుపు, నీరసం, పరధ్యానం తెచ్చే జబ్బులు ఇంకా చాలా వున్నాయి. 2019-21 సర్వే ప్రకారం మన రెండు రాష్ట్రాలలోనూ నూటికి యాభై ఏడు మందికి పైగా స్త్రీలలో రక్తహీనత వుంది. నేను ఆ టీచరుగారికి ఐరన్ ఇవ్వడం తప్పు కాదు. అక్కడితో ఆగిపోవడం తప్పు. హిమోగ్లోబిన్, థైరాయిడ్, బి12, చక్కెర చూపించుకోండి. నిద్రలో గురక వుంటే చెప్పండి. దిగులు జబ్బు వుందేమో కూడా డాక్టరు చూస్తారు.

మూడోది మానసిక వైద్యుడి సలహా. ఏ.డి.హెచ్.డి. వుందని తేల్చడానికి రక్తపరీక్ష గాని, స్కానింగు గాని లేదు. మీ చిన్ననాటి సంగతులు అడిగి తెలుసుకోవాలి. లక్షణాలు పన్నెండేళ్ళ లోపు నుంచే వుండాలి. ఇంట్లోనూ బయటా రెండుచోట్లా ఇబ్బంది పెట్టాలి. మీ అమ్మగారు బతికివుంటే వెంట తీసుకువెళ్ళండి. పాత ప్రోగ్రెస్ కార్డులు వుంటే పట్టుకెళ్ళండి. మాస్టారు రాసిన 'తెలివైనది, శ్రద్ధ లేదు' అన్న ఒక్క వాక్యం మాకు ఎంతో ఉపయోగపడుతుంది.

నాలుగోది మందు. మిథైల్‌ఫెనిడేట్, అటోమోక్సిటిన్ అనేవి మన దేశంలో దొరికే ముఖ్యమైన మందులు. మొదటిది వేసుకున్న రోజే పని చేస్తుంది. రెండోదానికి కొన్ని వారాలు పడుతుంది. బహిష్టుకు ముందు రోజుల్లో మందు చాలడం లేదని క్యాలెండరులో తేలితే, ఆ రోజులకు మోతాదు సవరించే విషయం డాక్టరు ఆలోచిస్తారు. నెదర్లాండ్స్‌లో 2023లో తొమ్మిది మంది స్త్రీలకు ఇలా చేసి మంచి ఫలితం వచ్చిందని రాశారు. తొమ్మిది మంది అంటే చాలా తక్కువమంది. కాబట్టి ఇది మీరు ఇంట్లో చేసుకునే ప్రయోగం కాదు. ఈ మందులు బి.పి.నీ, గుండె వేగాన్నీ పెంచవచ్చు, ఆకలి తగ్గించవచ్చు. బహిష్టుకు ముందు దిగులే ఎక్కువైతే, నెలలో ఆ పధ్నాలుగు రోజులు మాత్రమే వాడే మందులు కూడా వున్నాయి. కుటుంబ నియంత్రణ మాత్రలు మొదలుపెట్టాక మనస్సు కుంగితే వెంటనే చెప్పండి, వేరే పద్ధతి చూస్తారు.

హార్మోను మాత్రలు ఏ.డి.హెచ్.డి.కి మందు కాదు. ముట్లుడిగే బాధలు ఎక్కువగా వుంటే, రొమ్ము క్యాన్సర్ వంటివి లేవని చూసుకుని స్త్రీల వైద్యురాలు ఇస్తారు. నలభై అయిదు లోపే అండాశయాలు తీసేసినవారికి, అడ్డంకులేమీ లేకపోతే, సహజంగా ముట్లుడిగే వయస్సు దాకా హార్మోన్లు ఇవ్వడం మంచిది. ఇద్దరు డాక్టర్ల దగ్గర చూపించుకుంటుంటే ఒకరి చీటీ ఇంకొకరికి చూపించండి.

అయిదోది ఇంటి ఏర్పాటు. తాళంచెవులకు గుమ్మం పక్కన ఒక మేకు, ఎప్పుడూ అదే మేకు. పొయ్యి వెలిగించగానే సెల్‌ఫోనులో అలారం. ఆ రోజుల్లో గ్యాస్ కట్టడం ఇంట్లో ఇంకొకరు కూడా చూడాలి. స్కూటరు నడిపేవారు మరింత నెమ్మదిగా వెళ్ళాలి. చీటీ పాడటం, ఉద్యోగానికి రాజీనామా ఇవ్వడం, ఆడపడుచుతో తేల్చుకోవడం లాంటివి నీలం చుక్క పడ్డాక పెట్టుకోండి. నిద్ర తగ్గనివ్వకండి. రోజుకు అరగంట గబగబా నడవండి.

ఇంట్లోవాళ్ళకు ఒక మాట

మన ఇల్లాలు రోజూ చేసేది అష్టావధానమే. కుక్కరు ఈలలు లెక్కపెట్టాలి, పిల్లాడి బాక్సు సర్దాలి, మామగారి బి.పి. మాత్ర అందించాలి, పనిమనిషికి జవాబు చెప్పాలి, మధ్యలో ఫోను మోగితే ఎత్తాలి. అవధానికి సభలో శాలువా కప్పుతారు. ఇల్లాలు ఒక్కటి మరచిపోతే 'ధ్యాస ఎక్కడ పెట్టావు?' అంటారు. భర్తలకు నేను చెప్పేది ఒక్కటే. ఆ క్యాలెండరు మీ కళ్ళకు కూడా కనిపించేచోట తగిలించండి. ఎర్ర రోజుల్లో పిల్లాడి హోంవర్కు, వంటింట్లో ఒక పూట మీరు తీసుకోండి. 'అయితే ఇవాళ నీకు ఆ రోజులా?' అని వెక్కిరించడానికి మాత్రం ఆ క్యాలెండరును వాడుకోకండి.

పాఠకుల సందేహాలు

"మా అమ్మాయికి ఈ జబ్బుంది. మందు వాడుతోంది. సంబంధాలు చూస్తున్నాం. చెప్పాలా?"

చెప్పండి. ఇది పిచ్చి కాదు, అంటుజబ్బూ కాదు. చెప్పకుండా పెళ్ళి చేస్తే ఆ పిల్ల అత్తగారింట్లో మాత్రలు దాచుకుని మింగాలి. కొన్నాళ్ళకు మానేస్తుంది. తర్వాత వచ్చే మాటలన్నీ పడవలసింది ఆ పిల్లే.

"నాకు నలభై ఎనిమిదేళ్ళు. ఈ మధ్యే మతిమరుపు మొదలైంది. నాకూ ఏ.డి.హెచ్.డి. వచ్చిందంటారా?"

నలభై దాటాక కొత్తగా మొదలైతే అది ఏ.డి.హెచ్.డి. కాదు. ముట్లుడిగే రోజుల్లో మామూలు స్త్రీలకు కూడా మాటలు తట్టకపోవడం, వస్తువులు మరచిపోవడం వుంటుంది. చాలామందికి కొంతకాలానికి సర్దుకుంటుంది. అయితే తెలిసిన దారి తప్పిపోవడం, తెలిసిన మనుషులను పోల్చుకోలేకపోవడం వుంటే ఆలస్యం చెయ్యకుండా నరాల వైద్యుడికి చూపించండి.

"సరస్వతీ లేహ్యం తింటే తగ్గుతుందా?"

ఈ జబ్బు దానితో తగ్గుతుందని చెప్పడానికి తగిన ఆధారం లేదు. తినాలనుకుంటే డాక్టరుకు చెప్పి తినండి. దాన్ని నమ్ముకుని అసలు మందు మాత్రం మానకండి.

"ఆ మందులకు అలవాటు పడిపోతామా?"

మిథైల్‌ఫెనిడేట్ మీద ప్రభుత్వ నియంత్రణ వుంది, చీటీ లేకుండా అమ్మకూడదు. డాక్టరు రాసిన మోతాదులో, ఆయన పర్యవేక్షణలో వాడినంతకాలం భయపడనక్కరలేదు. పరీక్షలకు చదువుకునే పక్కింటి కుర్రవాడికి మాత్రం ఒక్కటి కూడా ఇవ్వకండి.

చివరగా ముఖ్యమైన సంగతి. ఆ రోజుల్లో కొందరికి 'నేను లేకపోతేనే వీళ్ళంతా సుఖంగా వుంటారు' అనే ఆలోచన వస్తుంది. అది జబ్బు చెప్పే మాట. దాన్ని మనస్సులో దాచుకోకుండా వెంటనే ఇంట్లో ఒకరికి చెప్పండి. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416. పగలూ రాత్రీ ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. ప్రభుత్వ బోధనాస్పత్రులలో మానసిక వైద్య విభాగం వుంటుంది. హైదరాబాదులో ఎర్రగడ్డలోనూ, విశాఖపట్నంలోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలు వున్నాయి. ఆ గుమ్మం ఎక్కడానికి సిగ్గుపడవలసిన పని లేదు.

మన టీచరుగారి సంగతి అడుగుతారు కదా. ఆవిడను చూస్తున్న మానసిక వైద్యుడు ఆ క్యాలెండరు చూసి మందు సవరించాడు. స్త్రీల వైద్యురాలు కూడా ఒకసారి చూసింది. ఎర్ర సున్నాలు పూర్తిగా పోలేదు. నెలకు పది వుండేవి మూడు నాలుగుకు దిగాయి. "ఇప్పటికీ ఒకోసారి పాలు పొంగుతాయండీ. కానీ పొంగినందుకు నన్ను నేను తిట్టుకోవడం మానేశాను" అని చెప్పింది.

మీ ఇంట్లో గోడకు క్యాలెండరు వుండే వుంటుంది. ఎర్ర కలం ఒకటి దానికి కట్టండి. మూడు నెలల తర్వాత దాన్ని డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళండి. 'కాస్త శ్రద్ధగా వుండండి' అని పంపేస్తే, ఆ క్యాలెండరు బల్ల మీద పరచండి.